తిరిగే మాటలతో డిక్షనరీలకు పరీక్ష: లాంగ్‌మన్ ఎందుకు నచ్చిందంటే

ముందే తేల్చి చెప్పేస్తాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ రాయమంటే చెయ్యి ఆగిపోతుంది అనేవాళ్లకి, నేను చూసిన డిక్షనరీల్లో లాంగ్‌మన్ వెబ్‌సైట్ అన్నిటికంటే బాగా పనికొస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. లోపాలు ఉన్నాయి, అవీ చెబుతాను. ఆక్స్‌ఫర్డ్, కోబిల్డ్ కూడా పక్కన పెట్టుకుని చూశాను కాబట్టి ఏది ఎవరికి సరిపోతుందో కూడా రాస్తాను.

నేను పాలిటెక్నిక్‌లో ఇంగ్లీషు చెబుతాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లలు. వాళ్లు రోజంతా చూసేవన్నీ తిరిగేవే: లేతు, మోటారు, షాఫ్టు, పుల్లీ, గేరు, ఫ్యాను. ల్యాబ్ రికార్డులో "యంత్రం ఎలా పనిచేస్తుందో రాయండి" అంటే ప్రతి వాక్యంలో ఏదో ఒకటి తిరగాల్సిందే. అక్కడే ఇబ్బంది మొదలవుతుంది. టర్న్, స్పిన్, రొటేట్, రివాల్వ్, ట్విస్ట్, రోల్, వైండ్, వర్ల్, ట్వర్ల్, స్వర్ల్, స్వివెల్ అని ఇంగ్లీషులో ఇన్ని మాటలుంటే మన పిల్లలకి అందరికీ తెలిసింది రొటేట్ ఒక్కటే. షాఫ్టూ రొటేట్, బొంగరమూ రొటేట్, తాళంచెవీ రొటేట్, గుడి చుట్టూ తిరిగినా రొటేట్, చివరికి తల తిరిగినా "మై హెడ్ ఈజ్ రొటేటింగ్".

పిల్లల తప్పేం లేదు. తెలుగులో తిరగడం అన్న ఒక్క మాటతో పనులన్నీ జరిగిపోతాయి. ఫ్యాను తిరుగుతుంది, కళ్లు తిరుగుతాయి, సంతకం కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతాం, ఊళ్లు తిరుగుతాం, పిలిస్తే వెనక్కి తిరుగుతాం. ఏం తిరుగుతోందో తెలిస్తే ఎలా తిరుగుతోందో మనకి వేరే చెప్పక్కర్లేదు, చెప్పాలనుకుంటే గిర్రుననో గిరగిరా అనో ముందొక మాట చేరుస్తాం. ఇంగ్లీషువాళ్లు ఆ తేడాని క్రియలోనే పెట్టేశారు. బస్టాండుల్లో, ఫుట్‌పాత్‌ల మీద దొరికే చిన్న ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ తెరిచి వీటిలో ఏ మాట చూసినా "తిరుగు, త్రిప్పు, పరిభ్రమించు" అని ఒకే వరస కనిపిస్తుంది. అర్థం తప్పని అనలేం. కానీ వాక్యం రాయాల్సిన పిల్లాడికి దానివల్ల ఏ సాయమూ అందదు. ఏ డిక్షనరీ మంచిదో తేల్చడానికి నేను ఈ మాటల్నే ఎంచుకున్నది అందుకే. వీటి మధ్య తేడా చెప్పగలిగిన డిక్షనరీ మిగతా మాటల దగ్గర కూడా చెయ్యి వదలదని నా నమ్మకం.

లాంగ్‌మన్ సంగతికొద్దాం. ఇది మొదటిసారి అచ్చయింది 1978లో. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసం తయారైంది కాబట్టి అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటలతోనే రాస్తారు, ఆ హద్దు దాటరు. అంటే ఒక మాట అర్థం చూడబోతే అందులో ఇంకో తెలియని మాట, దాన్ని చూడబోతే మరొకటి అనే అవస్థ చాలావరకు తప్పుతుంది. మాట పక్కనే ఎస్1, డబ్ల్యూ1 లాంటి గుర్తులు ఉంటాయి. మాట్లాడే భాషలో, రాసే భాషలో ఎక్కువగా వాడే మొదటి వెయ్యి మాటల్లో అది ఉందని వాటి అర్థం. టర్న్‌కి ఆ రెండు గుర్తులూ ఉన్నాయి. తిరిగే మాటల్లో ముందు గట్టిగా పట్టుకోవాల్సింది ఏదో పిల్లలకి అక్కడే తెలిసిపోతుంది. స్వివెల్ రాకపోయినా బతుకు గడుస్తుంది, టర్న్ రాకపోతే గడవదు.

టర్న్ పేజీ తెరిస్తే మొదట భయం వేస్తుంది, అంత పొడవుంటుంది. కానీ ప్రతి అర్థం ముందు ఒక చిన్న శీర్షిక ఉంటుంది, ఒళ్లు తిప్పడానికి ఒకటి, వస్తువు తిప్పడానికి ఒకటి, దారి మళ్లడానికి ఒకటి, మారిపోవడానికి ఒకటి. ఆ శీర్షికలు చూసుకుంటూ పోతే కావాల్సిన చోటికి త్వరగానే చేరతాం. అలా వెతుకుతున్నప్పుడు పిల్లలకి అర్థమయ్యే విషయం ఇంకొకటుంది. టర్న్ అంటే చుట్టూ పూర్తిగా తిరగాలని రూలేమీ లేదు. తాళంచెవి పావు చుట్టు తిప్పినా టర్నే, తల కొంచెం పక్కకి తిప్పినా టర్నే, పేజీ తిప్పినా టర్నే. రంగు మారినా, వయసు నలభైకి చేరినా, వాతావరణం చల్లబడినా ఆ మాటే. ఆగకుండా చుట్లు తిరిగేదాని గురించి చెప్పాలంటే రొటేట్‌ వైపో స్పిన్ వైపో వెళ్లాలి. రెగ్యులేటర్ నాబ్ తిప్పేటప్పుడు రొటేట్ అన్నా తప్పు లేదు, మాన్యువల్‌లో అలాగే రాస్తారు. ఇంట్లో అమ్మతో చెప్పే మాటైతే టర్న్.

స్పిన్ దగ్గరికొస్తే మనవాళ్లకి డిక్షనరీ కంటే ముందు క్రికెట్ ఉంది. క్లాసులో నేను కూడా అక్కడినుంచే మొదలుపెడతాను. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు అని హైదరాబాద్ నుంచి ఇండియాకి ఆడిన స్పిన్నర్ల వరసే పెద్దది. శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102 వికెట్లు తీశాడు, వెంకటపతి రాజు 28 టెస్టుల్లో 93. "స్పిన్ అంటే ఏంట్రా?" అని అడిగితే క్లాసంతా చెబుతుంది. "మరి బాల్ టర్న్ అయింది అంటారు కదా, అదేంటి?" అంటే ఒక్క నిమిషం ఆలోచిస్తారు. బౌలర్ వేళ్లతోనో మణికట్టుతోనో బంతికి ఇచ్చేది స్పిన్. ఆ స్పిన్ వల్ల పిచ్ మీద పడ్డాక బంతి పక్కకి మళ్లడం టర్న్. 1993 జూన్ 4న మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో షేన్ వార్న్ వేసిన బంతి లెగ్ స్టంప్ బయట పడి, మైక్ గ్యాటింగ్ బ్యాటుని దాటుకుని ఆఫ్ స్టంప్‌ని తాకింది. ఆ వీడియో ఒక్కసారి నెమ్మదిగా చూపిస్తే చాలు. గాలిలో ఉన్నంతసేపూ బంతి తన చుట్టూ తాను గిర్రున తిరుగుతూ కనిపిస్తుంది, అది స్పిన్. నేలని తాకగానే దిశ మారుతుంది, అది టర్న్. కామెంటేటర్లు ఒక్కోసారి రెండిటినీ కలిపేస్తారు, అది వేరే విషయం. కానీ "స్పిన్ బాగానే చేశాడు, పిచ్‌లో టర్న్ లేదు" అన్న వాక్యం ఏ కుర్రాడికైనా అర్థమవుతుంది. అది అర్థమైనవాడికి ఆ రెండు మాటల తేడా ఎప్పటికీ గుర్తుంటుంది.

డిక్షనరీ స్పిన్‌కి చెప్పే అర్థం దీనితో సరిగ్గా కలుస్తుంది: ఒక కేంద్రం చుట్టూ వేగంగా, చుట్టు మీద చుట్టు. వేగం అన్నది ఇక్కడ ముఖ్యం. బొంగరం, టాస్ వేసిన నాణెం, బురదలో దిగబడి జారిపోతున్న లారీ చక్రం, వాషింగ్ మెషీన్ డ్రమ్ము, అన్నీ ఇందులోకే వస్తాయి. వాషింగ్ మెషీన్ మీద స్పిన్ అని రాసి ఉన్న బటన్ మన ఇళ్లలో ఇంగ్లీషు రానివాళ్లు కూడా రోజూ నొక్కుతారు, "బట్టలు స్పిన్‌లో ఉన్నాయి" అంటారు. ఆ మాటని వాళ్లు వాడేది సరైన అర్థంలోనే. నీళ్లు పోయేంత వేగంగా తిరిగితేనే స్పిన్, ఉతికేటప్పుడు అటూ ఇటూ మెల్లగా తిరిగేదాన్ని ఎవరూ స్పిన్ అనరు.

ఎంట్రీ చివర్లో మాట ఎక్కడినుంచి వచ్చిందో ఒక ముక్కలో చెబుతారు. స్పిన్‌కి పాత ఇంగ్లీషు మూలం ఇచ్చారు. మొదట్లో ఆ మాటకి నూలు వడకడం అనే అర్థం, గిర్రున తిరగడం అన్నది ఆ తర్వాత వచ్చి చేరింది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం మీద సన్నటి నూలు తీస్తారు. ఆ పని చేసే ఆడవాళ్లది మొదటి అర్థంలో స్పిన్నింగే. గుంటూరు వైపు పిల్లలకి స్పిన్నింగ్ మిల్లు అనే మాట పుట్టినప్పటినుంచీ తెలుసు, కానీ అందులో స్పిన్‌కీ అశ్విన్ స్పిన్‌కీ చుట్టరికం ఉందని చెప్తే ఆశ్చర్యపోతారు. డిక్షనరీ దీన్ని ఒక ముక్కతో వదిలేసింది, నాకైతే ఇంకో రెండు వాక్యాలు ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు రొటేట్, రివాల్వ్. నాకు ఈ మొత్తం పరీక్షలో ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే. స్కూల్లో మనందరం చదువుకున్నాం, భూమి తన చుట్టూ తాను తిరగడం భ్రమణం, సూర్యుడి చుట్టూ తిరగడం పరిభ్రమణం అని. మొదటిది రొటేషన్, సుమారు 23 గంటల 56 నిమిషాలు. రెండోది రివల్యూషన్, 365 రోజులూ ఇంకో ఆరు గంటల దాకా. ఇంతవరకు చక్కగా ఉంది. మా ఎలక్ట్రికల్ క్లాసులో ఒకబ్బాయి లేచి అడిగాడు: "సార్, మోటారు షాఫ్టు తన చుట్టూ తాను తిరుగుతుంది కదా, అది రొటేషన్. మరి ఆర్‌పీఎంలో మొదటి అక్షరానికి రివల్యూషన్ అని ఎందుకు రాస్తారు?" మంచి ప్రశ్న. ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే లెక్క. నాలుగు పోల్స్, అంటే అయస్కాంత ధ్రువాలు, ఉన్న మోటారుకి మన 50 హెర్ట్జ్ కరెంటు మీద లెక్క ప్రకారం 1500 రావాలి, లోపల తిరిగే భాగం, రోటర్, కొంచెం వెనకబడుతుంది కాబట్టి నేమ్ ప్లేట్ మీద 1440 ఆర్‌పీఎం అని ఉంటుంది. ఆ పిల్లాడు రోజూ చూసే అంకె అది. భూగోళం పాఠం ప్రకారం చూస్తే అక్కడ రొటేషన్ అనే ఉండాలి కదా.

లాంగ్‌మన్‌లో రివల్యూషన్ దగ్గరికి వెళ్తే సమాధానం దొరికింది. రాజకీయ విప్లవం తర్వాత, ఒక వస్తువు ఇంకోదాని చుట్టూ తిరగడం ఒక అర్థం, చక్రం లాంటిది తిరిగే ఒక పూర్తి చుట్టు ఇంకో అర్థం. ఆర్‌పీఎంలో లెక్కపెడుతున్నది ఆ చుట్లనే. ఇంతటితో ఆగకుండా రివాల్వ్ కూడా చూడమన్నాను. సైన్సు పాఠంలో ఉన్నంత గట్టి గీత రోజువారీ ఇంగ్లీషులో లేదని అక్కడ తెలుస్తుంది. పెద్ద హోటళ్ల ముందుండే రివాల్వింగ్ డోర్ తన ఇరుసు చుట్టూనే తిరుగుతుంది. ఆఫీసర్ కూర్చునే రివాల్వింగ్ చెయిర్ కూడా అంతే. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న రివాల్వర్‌లో తూటాలుండే సిలిండరూ తన చుట్టూ తానే తిరుగుతుంది. భూమి సూర్యుడు పాఠాన్ని పట్టుకుని వీటిని తప్పు అనడానికి లేదు, వాడుకలో అవి అలా స్థిరపడిపోయాయి. పరీక్షలో భూమి గురించి రాస్తే పాఠంలోని తేడా కచ్చితంగా పాటించాలి, హోటల్ తలుపు గురించి రాస్తే వాడుకనే పాటించాలి. ఈ మాట పిల్లలకి నేను చెబితే ఒక చెవిన విని వదిలేస్తారు, డిక్షనరీలో ఉదాహరణ వాక్యాలు వరసగా చదివితే వాళ్లకే తెలుస్తుంది. రొటేట్ కిందే వంతులవారీగా మార్చడం అనే అర్థం ఉంటుంది. డ్యూటీలు రొటేషన్ మీద వేస్తారు, పంట మార్పిడిని క్రాప్ రొటేషన్ అంటారు, బ్యాటర్లు స్ట్రైక్ రొటేట్ చేస్తారు. ఇవన్నీ మన నోళ్లలో ఉన్నవే.

ట్విస్ట్ తేలిక. రెండు చివర్లు చెరో వైపు తిరిగితే ట్విస్ట్, మన మెలి. తడి బట్ట పిండడానికి మాత్రం వేరే మాటుంది, అది రింగ్, ముందొక అక్షరం రాస్తాం గానీ పలకం. కాలు మెలిపడితే ట్విస్ట్, కథ మలుపు తిరిగితే ట్విస్ట్, సీసా మూత తిప్పి తీస్తే ట్విస్ట్. ఇది సినిమాల పుణ్యమా అని అందరికీ వచ్చు.

వైండ్ దగ్గర మాత్రం డిక్షనరీలో ఆడియో ఎంత అవసరమో తెలుస్తుంది. గాలికి ఉన్న అక్షరాలే దీనికీ ఉంటాయి, కానీ గాలి అయితే విండ్, చుట్టడమైతే వైండ్. గతంలోకి వెళ్తే వౌండ్. గాయం అన్న మాటకీ అవే అక్షరాలు, దాన్ని వూండ్ అనాలి. కాగితం మీద చూసి నేర్చుకునేవాళ్లకి ఇది ఎప్పటికీ తెలియదు. లాంగ్‌మన్‌లో స్పీకర్ గుర్తులు రెండుంటాయి, ఎర్రది బ్రిటిష్, నీలిది అమెరికన్. మాటకే కాకుండా ఉదాహరణ వాక్యాలకీ ఆడియో ఉంది. వినాలనుకుంటే పూర్తి వాక్యం వినొచ్చు, మాట ఎక్కడ నొక్కి పలుకుతున్నారో తెలుస్తుంది. నా దృష్టిలో ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఫోన్‌లో దీన్ని బుక్‌మార్క్ చేసుకోవాలి. మా ఎలక్ట్రికల్ పిల్లలకి వైండింగ్ అనే మాట కొత్తేం కాదు. బోరు మోటారు కాలిపోతే వైండింగ్‌కి ఇచ్చామంటారు ఊళ్లో రైతులు, టౌన్లో వైండింగ్ షాపు లేని వీధి ఉండదు. ఆ వైండింగే ఇది, రాగి తీగ చుట్టడం. అరకు ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ పోతుంది చూడండి, దానికీ వైండింగ్ రోడ్ అనే అంటారు. పలకడం ముందే వచ్చినవాళ్లు రాసిన రూపం చూసి ఒక్కసారి కలుపుకుంటే సరిపోతుంది.

డిక్షనరీ విలువ నాకు ఎక్కువగా కనిపించింది మాట పక్కన ఏ మాట వస్తుందో చూపించే పెట్టెల్లో. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లొచ్చిన ఒకమ్మాయి క్లాసులో ఇంగ్లీషులో మాట్లాడుతూ గుడి చుట్టూ పదకొండు సార్లు రొటేట్ అయ్యామని చెప్పింది. అక్కడ మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108 అని మనందరికీ తెలుసు. ఆ అమ్మాయి చెప్పింది వింటే ఇంగ్లీషువాళ్లకి ఆమె ఒకేచోట నిలబడి బొంగరంలా తిరిగినట్టు అనిపిస్తుంది. గుడి చుట్టూ నడిచామని చెప్పాలంటే వాక్ రౌండ్, గో రౌండ్ చాలు, పెద్ద మాట అక్కర్లేదు. అలాగే తల తిరుగుతుంటే హెడ్ పక్కన స్పిన్, ఫీల్ పక్కన డిజ్జీ. ఫ్యాను తిరుగుతోంది అనడానికి రొటేటింగ్ అంటే తప్పు కాకపోయినా మామూలుగా ఎవరూ అనరు, ఫ్యాన్ ఈజ్ ఆన్ అంటారు. చిన్న డిక్షనరీలు ఎంత తిరగేసినా ఇది దొరకదు. ఇక్కడ కూడా వెతకాలి, ఒక్క క్లిక్కులో వచ్చెయ్యదు, కానీ ఉంది.

మన వాడుక తప్పేమో అనుకునే మాట ఒకటి సరైనదేనని తేలడం నాకు సంతోషం కలిగించింది. "టర్నింగ్ దగ్గర ఆపు అన్నా" అని ఆటో డ్రైవర్‌తో అంటాం కదా. అది మనం పుట్టించిన ఇంగ్లీషని చాలామంది అనుకుంటారు. మెయిన్ రోడ్డు నుంచి పక్కకి పోయే దారి అనే అర్థంలో టర్నింగ్ బ్రిటిష్ ఇంగ్లీషులో ఉంది, డిక్షనరీలో ఆ గుర్తు పెట్టి మరీ ఇచ్చారు. అమెరికా వెళ్లేవాళ్లు అక్కడ టర్న్ అనుకుంటే సరిపోతుంది. గడియారం ముల్లు తిరిగే వైపుకి ఎదురు తిరగడం కూడా అంతే, లండన్‌లో యాంటీక్లాక్‌వైజ్, అమెరికాలో కౌంటర్‌క్లాక్‌వైజ్. మన టెక్స్ట్‌బుక్కుల్లో మొదటిదే ఎక్కువగా వస్తుంది, ఇంటర్నెట్‌లో వీడియోలు రెండోది వాడతాయి, పిల్లలు ఇవి రెండు వేర్వేరు దిక్కులేమో అని కంగారు పడతారు. లాంగ్‌మన్ ఏది ఎక్కడిదో స్పష్టంగా చెబుతుంది.

ఇక తేలిపోయిన చోట్లు. వర్ల్, ట్వర్ల్, స్వర్ల్, ఈ మూడింటి దగ్గర మాటలతో ఎంత చెప్పినా తేడా మనసుకెక్కదు. ట్వర్ల్ అంటే మీసం మెలితిప్పడం, వేళ్లతో పెన్ను తిప్పడం, పావడా విచ్చుకునేలా చిన్నపిల్ల గిర్రున తిరగడం. వర్ల్ అంటే సుడిగాలిలా, సుడిగుండంలా తిరగడం. స్వర్ల్ అంటే టీలో చెంచా తిప్పితే పాలు సుళ్లు తిరగడం, పొగ మెలికలు తిరుగుతూ పైకి పోవడం. ఇవి నేను రాసిన ఉదాహరణలు, డిక్షనరీలోవి కావు. అక్కడ చదివితే మూడూ దాదాపు ఒకేలా అనిపిస్తాయి. 2000 మాటల హద్దు పెట్టుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. తేలిక మాటల్లోనే చెప్పాలి కాబట్టి సన్నటి తేడాలు కొన్ని జారిపోతాయి. కదలికకి సంబంధించిన మాటలకైనా రెండు సెకన్ల కదిలే బొమ్మ పెడితే ఎంత బాగుండేదో. వెబ్‌సైట్ కదా, పెట్టడానికి అడ్డేముంది?

రెండో లోపం, తెలుగు ఎక్కడా ఉండదు. ఆరో తరగతి పిల్లాడికి ఇది ఇవ్వొద్దు, విసిగిపోతాడు. కనీసం పదో తరగతి ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లకే ఇది. ప్రకటనలు కూడా ఉంటాయి, ఫోన్‌లో అవి కాస్త చిరాకు పెడతాయి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఆడియో ఆగి ఆగి వస్తుంది. మన ఇండియన్ ఇంగ్లీషు వాడుక కూడా తక్కువే.

కోబిల్డ్ గురించి చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి మాట నేర్చుకునేవాళ్లకి నేను ముందు అదే చూపిస్తాను. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ ఆధ్వర్యంలో తయారై 1987లో వచ్చింది. ముక్కలు ముక్కలుగా అర్థాలు ఇవ్వకుండా పూర్తి వాక్యంలో చెబుతుంది, ఏదైనా వస్తువు స్పిన్ అయితే, లేదా మీరు దాన్ని స్పిన్ చేస్తే, అది ఇలా తిరుగుతుంది అన్న పద్ధతిలో. ఆ వాక్యం చదవగానే రెండు సంగతులు తెలిసిపోతాయి, ఆ మాట దానంతటది తిరిగేదానికీ వాడొచ్చు, మనం తిప్పేదానికీ వాడొచ్చు అని. తెలుగువాళ్లకి ఇది చాలా పెద్ద సాయం, ఎందుకంటే మనకి తిరగడం వేరు, తిప్పడం వేరు, ఇంగ్లీషులో చాలాచోట్ల రెండిటికీ ఒకే క్రియ. మిగతా డిక్షనరీలు వ్యాకరణం గుర్తులతో చెప్పే ఈ విషయాన్ని కోబిల్డ్ మామూలు మాటల్లో చెప్పేస్తుంది. కానీ ఒక మాట చుట్టూ చేరే జంటమాటల కోసం చూస్తే లాంగ్‌మన్ అంత సులువుగా కనిపించలేదు.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, అదే హార్న్‌బీ డిక్షనరీ, మన పాత ఇంగ్లీషు మాస్టార్ల బల్లల మీద ఉండేది. హార్న్‌బీ జపాన్‌లో పాఠాలు చెబుతూ మొదలుపెట్టిన పని అది, 1948లో ఆక్స్‌ఫర్డ్ తరఫున వచ్చింది. వెబ్‌సైట్ శుభ్రంగా ఉంటుంది, ఏ మాట ఏ స్థాయిదో చెబుతుంది, ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకి ఆ స్థాయి గుర్తులు బాగా పనికొస్తాయి. లేతు మీద చెక్కడం అనే అర్థం టర్న్ కింద వెతుక్కునే మా మెకానికల్ పిల్లలకి కూడా ఇది నచ్చింది. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేసిన అన్నలు ప్రతి ఊళ్లో ఉంటారు, ఆ పేరుకి అర్థం ఈ టర్నే. ఏటికొప్పాక బొమ్మలు కూడా లేతు మీద తిప్పుతూ చెక్కినవే, ఇంగ్లీషులో వాటి గురించి రాసేవాళ్లకి ఈ అర్థం కావాల్సి వస్తుంది. మొత్తం మీద ఆక్స్‌ఫర్డ్‌కీ లాంగ్‌మన్‌కీ మధ్య పెద్ద తేడా లేదు. దగ్గరి మాటల్ని పక్కపక్కన పెట్టి తేడా చెప్పే విషయంలో లాంగ్‌మన్ నాకు ఎక్కువ నచ్చింది, అంతే.

పుస్తకం కొనాలా అని చాలామంది అడుగుతారు. లైబ్రరీకో స్కూలుకో అయితే కొనండి. రెండు వేల పేజీలు దాటిన పుస్తకం, బరువు, పిల్లలు బ్యాగులో మోయలేరు, ఇంట్లో బల్ల మీద ఉండాల్సిందే. కానీ వెబ్‌సైట్‌లో జరగనిది ఒకటి పుస్తకంలో జరుగుతుంది. స్పిన్ కోసం తెరిస్తే పక్కనే ఉన్న స్పిన్-ఆఫ్, స్పిన్‌స్టర్ మీద కళ్లు పడతాయి. పెళ్లి కాని స్త్రీని అలా అనడం ఇప్పుడు మర్యాద కాదు, పాత ఫారాలు చూసి ఆ మాట నేర్చుకున్నవాళ్లు అది తెలుసుకోవాలి. ఇంట్లో ఒక్కరి కోసమే అయితే వెబ్‌సైట్ చాలు, ఆ డబ్బుతో కథల పుస్తకాలు కొనివ్వండి.

పాతది కొనాలనుకుంటే హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, కోఠీలో, విజయవాడ అయితే లెనిన్ సెంటర్ దగ్గర వెతకండి. లాంగ్‌మన్ ఆరో ముద్రణ 2014లో వచ్చింది, అది దొరికితే మంచిది, ఐదోది దొరికినా తీసుకోవచ్చు, టర్న్, స్పిన్ లాంటి మాటల అర్థాలు ఈ పదేళ్లలో మారిపోలేదు. అట్ట లోపల ఆన్‌లైన్ కోడ్ ఉంటే దాని కోసం ఎక్కువ డబ్బు ఇవ్వకండి, ముందు కొన్నవాళ్లు వాడేసి ఉంటారు. డీవీడీ ఉందన్నా అంతే, దాన్ని పెట్టే డ్రైవ్ ఇప్పుడు ల్యాప్‌టాప్‌ల్లో ఉండడం లేదు. కొనేముందు అక్కడే టర్న్ ఉన్న పేజీలు తీసి చూసుకోండి, ఎక్కువగా వాడే మాటలున్న పేజీలే ముందు ఊడిపోతాయి.